ఒత్వం ఎక్కడుందో చూసి కొనండి

ఏడేళ్ళుగా రైల్లో కూర్చుని రాసుకుంటున్న ఈ 10 అంగుళాల బుల్లి ల్యాప్‌టాప్ మీద నాకు కోపం లేదు. కోపమంతా దాని కీబోర్డులో ఎడమవైపు పైమూలన ఉన్న మీట మీదే.

2018లో సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ దుకాణాలుండే సీటీసీలో 11,500 రూపాయలకి కొన్నాను. 2 జీబీ ర్యామ్, 32 జీబీ స్టోరేజీ అంటే ఎలాంటి బండో మీకే అర్థమైపోయి ఉంటుంది, ఇంక దాని గుణగణాలు చెప్పను. కంపెనీ పేరు కూడా చెప్పను. ఆ మోడలు ఇప్పుడు రావడం లేదు, పైగా ఈ తప్పు వాళ్ళొక్కరే చేసింది కాదు.

నాది కాజీపేట. ఉద్యోగం సికింద్రాబాద్‌లో. 130 కిలోమీటర్ల పైచిలుకు దూరం, పాసు మీద పోను రెండున్నర గంటలు, రాను రెండున్నర గంటలు. కథలు రాసుకునే వాడికి ఇంతకంటే తీరిక ఇంకెక్కడా దొరకదు. మొదట ఫోన్లోనే రాద్దామనుకున్నాను. బొటనవేళ్ళతో రెండు పేరాలు దాటితే మెడ పట్టేసేది. నోటితో చెప్పి రాయించే పద్ధతీ చూశాను. కథలో ఆలుమగల తగాదా ఘట్టం ఫోనుకి చెప్తుంటే ఎదుటి సీటాయన నా మోకాలు తట్టి "ఇంట్ల పంచాదా అన్నా?" అని అడిగాడు. ఆ రోజుతో అది మానేశాను.

నిజానికి నా మనసు ఆల్ఫాస్మార్ట్ నియో మీద ఉండేది. టైపు చేయడం తప్ప ఇంకేమీ చేతకాని యంత్రం. చిన్న తెర, పెద్ద కీబోర్డు, మూడు పెన్సిల్ సెల్స్ వేస్తే 700 గంటలు నడుస్తుందని చెప్పేవాళ్ళు. అమెరికాలో బడిపిల్లల కోసం చేశారు, 2013లో అమ్మకం ఆపేశారు, అయినా రాసేవాళ్ళు ఇంకా వెతికి కొనుక్కుంటున్నారు. అయితే దానికి తెలుగు రాదు. దాంతో ఆ ముచ్చట అక్కడే తీరిపోయింది.

ఇంక మీట సంగతి.

నేను టైపు చేసేది ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరికలో. తెలియని వాళ్ళకి రెండు ముక్కలు చెప్తాను: గుణింతాలు దాదాపు అన్నీ ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి. 'స్త్రీ' కావాలంటే ఎం, డి, ఎల్, డి, జె, ఆర్. చేతులు మారి మారి పడుతుంటే తబలా వాయించినట్టు ఉంటుంది. ఈ అమరికను దాదాపు అన్ని భారతీయ భాషలకీ కలిపి చేశారు. వాటిలో ఏ భాషలో అయినా 'క' ఉండేది కె మీదే. అంతవరకూ బాగుంది. కానీ హిందీకి పొట్టి ఎ, పొట్టి ఒ అక్కర్లేదు, మనకి అవి లేకపోతే బతుకే లేదు. నాలుగు దక్షిణాది భాషలదీ అదే గతి. మిగతా అచ్చులు మంచి చోట్లన్నీ సర్దుకున్నాక ఈ రెండూ అంచులకి చేరాయి. ఎత్వం జెడ్ మీద, ఒత్వం అంకెల వరసలో ఒకటికి ఎడమ పక్కన ఉండే మీట మీద. అదే మీటని షిఫ్ట్‌తో నొక్కితే ఒ.

నా ల్యాప్‌టాప్‌లో ఒకటికి ఎడమ పక్కన మీటే లేదు.

చోటు చాలక దాన్ని తీసేసి, దాని మీద ఉండే ` గుర్తుని ఎస్కేప్ మీట మీద నీలం రంగులో చీమంత సైజులో వేశారు. ఇంగ్లీషులో రాసేవాడికి ఆ గుర్తుతో ఏడాదికోసారైనా పని పడదు. నాకు మాత్రం ప్రతి వాక్యంలోనూ పడుతుంది. ఒత్వం కావాలంటే ఎఫ్ఎన్ (Fn) మీట పట్టుకుని ఎస్కేప్ నొక్కాలి. ఒ కావాలంటే ఎఫ్ఎన్, షిఫ్ట్, ఎస్కేప్, మూడూ ఎడమ చేత్తోనే. చిటికెనవేలు షిఫ్ట్ మీద, బొటనవేలు లోపలికి మడిచి ఎఫ్ఎన్ మీద, ఉంగరపు వేలు పైకి చాచి ఎస్కేప్ మీద. భరతనాట్యంలో ఏదో ముద్ర పట్టినట్టు ఉంటుంది.

పోనీ అంతే అయితే అలవాటు పడేవాణ్ణి. ఎఫ్ఎన్ పక్కనే కంట్రోల్ ఉంది. ఘన్‌పూర్ దాటాక రైలు కాస్త ఊగిందంటే వేలు దాని మీద పడుతుంది. కంట్రోల్‌తో ఎస్కేప్ కలిస్తే స్టార్ట్ మెనూ తెరుచుకుంటుంది. షిఫ్ట్ కూడా తోడైతే టాస్క్ మేనేజర్ వస్తుంది. అంటే "ఒక ఊళ్ళో" అని మొదలుపెట్టబోతే, ర్యామ్ ఎంత మిగిలిందో లెక్క చూపించేది. ఎంత మిగిలిందో చూసి ఇంకా దిగులు.

నెల తిరిగేసరికి తెలియకుండానే ఆ మీట అవసరం లేని మాటలు వెతుక్కోవడం మొదలుపెట్టాను. కొంచెం బదులు కాస్త. గొడవ బదులు తగాదా. ఒంటరి బదులు ఏకాకి. ఇందులో మేలు కూడా జరిగిందని ఒప్పుకోవాలి. నా రాతలో 'ఒక' సగానికి సగం తగ్గింది. "అక్కడ ఒక మనిషి ఒక చెట్టు కింద" అని రాసే జబ్బు నాకూ ఉండేది, అది కుదిరింది. మరీ తప్పకపోతే 'ఓ' వేసేవాణ్ణి, అది షిఫ్ట్‌తో ఇంగ్లీషు ఎ మీట నొక్కితే హాయిగా వస్తుంది.

ఆ ఊపులోనే జనగామ పక్క పల్లెలో ఉండే ఓ ముసలమ్మ మీద కథ రాసి పంపాను. నాలుగు రోజులకి పత్రిక నుంచి సంపాదకుడు ఫోన్ చేశాడు. పాత స్నేహితుడే. "ఏందన్నా, మీ ముసలమ్మ పొద్దుగాల అనకుండ ఉదయాన అంటది? కొడుకా అనదు, కుమారుడా అంటది. పొయ్యి ముట్టియ్యదు, స్టవ్ వెలిగిస్తది. ఎప్పుడు చదువుకున్నది ఈమె?" అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను. మీట లేక అలా అయిందని చెప్తే ఎవరు నమ్ముతారు? ఆ రాత్రి ఇంట్లో పెద్ద కంప్యూటర్ ముందు కూర్చుని ముసలమ్మ పొయ్యి ముసలమ్మకి ఇచ్చేశాను.

2019లో విండోస్‌కి వచ్చిన అప్‌డేట్‌తో పాటు ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు పడే ఫొనెటిక్ కీబోర్డు వచ్చింది. అది ఈ 32 జీబీలో పట్టక, పెన్‌డ్రైవ్ తగిలించి ఓ ఆదివారమంతా తగలేసి ఎక్కించాను. అందులో ఒత్వం బాధ లేదు, ఇంగ్లీషు ఓ కొట్టు, అయిపోయింది. నా వేళ్ళే మాట వినలేదు. 'క' రెండింట్లోనూ కె మీదే ఉంది, చుట్టరికం అక్కడితో సరి.

అసలు దారి చూపించింది ఆలేరులో ఎక్కిన ఇంజినీరింగ్ కుర్రాడు. నేను పట్టే ముద్ర చాలాసేపు చూసి "అంకుల్, ఆ మీట మార్చుకోవచ్చు తెలుసా?" అన్నాడు. మైక్రోసాఫ్ట్ వాళ్ళదే కీబోర్డ్ లేఅవుట్ క్రియేటర్ అని ఉచితంగా దొరుకుతుంది. అందులో ఇప్పుడున్న తెలుగు కీబోర్డుని తెరవాలి, కావలసిన మీట మీద నొక్కి అక్కడ కావలసిన అక్షరం అతికించాలి, వేరే పేరుతో భద్రపరచి, అది తయారుచేసిన ఫైలుతో ఇన్‌స్టాల్ చేసుకోవాలి. ఎంటర్ దగ్గర ఊరికే కూర్చుని ఉండే బ్యాక్‌స్లాష్‌కి ఒత్వం ఇచ్చాను, దానికే షిఫ్ట్‌తో ఒ. పావుగంట పని. రెండేళ్ళు పట్టింది నాకా పావుగంట. మర్నాడు రైల్లో మొదటిసారి కుడి చిటికెనవేలుతో "కొత్త" అని కొట్టి, కాసేపు అదే మాట వరసగా కొట్టుకుంటూ కూర్చున్నాను. కుర్రాడు మళ్ళీ కనిపించలేదు.

దీనికీ ఓ తిరకాసు ఉంది. ఆఫీసు కంప్యూటర్లో ఇలాంటివి ఎక్కించనివ్వరు. అక్కడ ఇప్పుడు నా వేలు బ్యాక్‌స్లాష్ మీదికి పోతుంది, ఒత్వం రాదు.

ఇదివరకు అడిగిన వాళ్ళందరికీ దీని బ్యాటరీ ఆరు గంటలు వస్తుందని గొప్పగా చెప్పాను. వచ్చింది, మొదటి ఏడాది, వైఫై ఆపి, తెర వెలుగు సగానికి తగ్గిస్తే. ఇప్పుడు భువనగిరి దాటేసరికి ఎర్రగీత చూపిస్తుంది. పవర్‌బ్యాంకుతో ఛార్జింగ్ చేసుకోవచ్చనీ చెప్పాను. చేసుకోవచ్చు, కానీ రాస్తూ పెడితే ఎక్కేదానికంటే దిగేది ఎక్కువ. బరువు కిలో కంటే కాస్తే ఎక్కువ, ఆ మాటకి మాత్రం ఇప్పటికీ కట్టుబడి ఉన్నాను. టిఫిన్ డబ్బా పక్కన సంచిలో పెడితే ఉన్నట్టే తెలియదు.

మరి ఇలాంటిది కొనమంటానా? మీరు ఫొనెటిక్‌లో టైపు చేసే వాళ్ళయితే నా ఏడుపంతా మీకు పట్టనిది, నిశ్చింతగా కొనుక్కోండి. ఇంటర్నెట్‌లో పది పేజీలు తెరుచుకుని రాసే అలవాటుంటే మాత్రం 2 జీబీ దగ్గరికి పోకండి. నాకు కావలసింది కిటికీ పక్క సీటూ, నోట్‌ప్యాడూ. కిటికీ దొరకని రోజు నిలబడే ప్రయాణం, ఆ రోజు ఏ యంత్రమైనా ఒకటే.

2025 అక్టోబరులో విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు కూడా ఆగిపోయాయి, ఈ బండి మీద 11 ఎక్కదు. అందుకని మొన్న మళ్ళీ సీటీసీకి వెళ్ళాను. కంపెనీల నుంచి తిరిగొచ్చిన 12 అంగుళాల సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్‌లు వరసగా పేర్చి ఉన్నాయి. ప్రాసెసర్ గురించి దుకాణం కుర్రాడు చెప్పుకుపోతుంటే నేను ప్రతిదాని ఎడమ పైమూల చూసుకుంటూ పోయాను. ఓ దాంట్లో ఎస్కేప్ పైన విడిగా ఉంది, కింద ఒకటి అంకె పక్కన నా మీట నిండు సైజులో ఉంది. తెలుగు పెట్టించుకుని "ఒక కొడుకు పొద్దుగాల పొయ్యి ముట్టిచ్చె" అని కొట్టాను. కుర్రాడు తెర వైపు, నా వైపు చూసి "ఏం సార్, ఇంగ్లీష్ టైపింగ్ రాదా?" అన్నాడు.

14,000 చెప్పాడు. బరువు కిలోన్నర. సంచిలో పెట్టుకుని దుకాణంలోనే అటూ ఇటూ నాలుగు అడుగులు నడిచి చూశాను. భుజం ఇంకా ఏమీ తేల్చలేదు.