డైనమో తీసి ఆల్టర్నేటర్, ఎలక్ట్రిక్ ఫ్యాన్: నా 1978 పద్మినితో ఆరేళ్ల వాడకం

నా ప్రీమియర్ పద్మిని (పాత ఫియట్ కారు)కి, ఇంజనుతో తిరిగి కరెంటు పుట్టించే పాత డైనమో తీయించి, అదే పని ఇంకా బాగా చేసే ఆల్టర్నేటర్ పెట్టించి, వైరింగ్ చాలావరకు కొత్తగా లాగించి, రేడియేటర్‌కి కొత్త కోర్ వేయించి ఆరేళ్లు దాటింది. బిగించిన కొత్తలో ఏదైనా బాగానే పనిచేస్తుంది కాబట్టి అప్పుడు రాయలేదు. నెల్లూరు రోహిణి కార్తెలు ఆరు, నవంబరు వానలు ఆరు, శ్రీశైలం ఘాట్, రాపూరు ఘాట్ లెక్కలేనన్ని సార్లు, మొత్తం 28 వేల కిలోమీటర్లు అయ్యాయి. ఏది నిలబడిందో, ఏది మళ్లీ చేయించాల్సి వచ్చిందో ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను.

ముందు బండి గురించి. 1978 మోడల్, 1089 సీసీ ఇంజను, స్టీరింగ్ పక్కనే ఉండే హ్యాండిల్ గేరు. నా ముందు ఓనరు చెన్నైలో ర్యాలీలకి తిప్పినది. ఇంజను అడుగుకి రాళ్లు తగలకుండా కింద సంప్ గార్డు, ముందు నాలుగు లైట్లకి కడ్డీ, ఎడమ సీటు దగ్గర మ్యాపు చూసుకునే లైటు అన్నీ దాంతోనే వచ్చాయి. చిన్నప్పుడు ఎనభైల్లో మా నాన్న షోలవరం రేసులకి తీసుకెళ్లినప్పుడు ఆ పాత ఎయిర్‌స్ట్రిప్ మీద ఫియట్లు ఒకదాని వెంట ఒకటి మలుపు తిరగడం చూశాను. అప్పటి నుంచీ ఈ బండంటే ప్రాణం. ఇప్పుడు నేనూ మా బావా ఏడాదికి రెండు మూడు టైమ్ స్పీడ్ డిస్టెన్స్ ర్యాలీలకి వెళ్తాం, నేను తోలతాను, ఆయన లెక్కలు చూస్తాడు.

ఈ తరహా ర్యాలీ బండిని ఎలా ఏడిపిస్తుందో తెలిస్తేగాని ఈ మార్పులు ఎందుకో అర్థం కాదు. ఇందులో వేగంగా పోయినవాడు గెలవడు. నిర్వాహకులు ఇచ్చిన సగటు వేగానికి సెకన్లతో సహా అంటిపెట్టుకుని పోవాలి, ముందొచ్చినా పెనాల్టీనే, ఆలస్యమైనా పెనాల్టీనే. ఘాట్‌లో గంటకి 28 కిలోమీటర్లు అని ఇస్తారు. సెకండ్ గేరులో ఇంజను గట్టిగా తిరుగుతూ ఉంటుంది, బండి నెమ్మదిగా కదులుతుంది కాబట్టి రేడియేటర్‌కి ఎదురుగాలి రాదు. వేడెక్కిందని పక్కన ఆపి చల్లార్చుకుందామంటే టైము పోతుంది. దానికితోడు పగలు కూడా లైట్లు, దూరం కొలిచే ట్రిప్ మీటరు, మ్యాపు లైటు, ఫోన్ చార్జర్లు. వేడి సమస్య, కరెంటు సమస్య వేర్వేరు అనుకుని విడివిడిగా చేయించడమే నేను చేసిన మొదటి తప్పు.

2019లో బండి కావలి దాటగానే ముల్లు ఎర్ర గీత మీదికి పోతోందని మొదట ఎలక్ట్రిక్ ఫ్యాన్ ఒక్కటే పెట్టించాను, మారుతి 800 ఫ్యాను. డైనమో అలాగే ఉంది. ఊళ్లో బాగానే ఉంది. ఒంగోలు నుంచి పొదిలి మీదుగా మార్కాపురం పోతుంటే చీకటి పడి లైట్లు వేశాం, ఫ్యాను తిరుగుతోంది, పొదిలి దాటాక హెడ్‌లైట్లు పసుపుపచ్చగా అయిపోయాయి, ఇంకో పది కిలోమీటర్లకి ఇంజను మిస్ కొట్టడం మొదలైంది. బ్యాటరీ పూర్తిగా దిగిపోయింది. ఇంటికొచ్చాక కూర్చుని లెక్క వేస్తే విషయం తేలింది. హెడ్‌లైట్ల హైబీమ్ రెండూ కలిపి 120 వాట్లు, అంటే 10 ఆంపియర్లు. అదనపు లైట్లు రెండు 55 వాట్లవి, ఇంకో 9. ఫ్యాను 7 లేక 8. ప్లగ్గులకి నిప్పురవ్వ ఇచ్చే కాయిల్ 3 లేక 4, వైపరు 3, మిగతా చిల్లర 2 లేక 3. మొత్తం 35 దగ్గరికి వస్తుంది. డైనమో బాగా తిరిగినప్పుడే 20 చుట్టుపక్కల ఇస్తుంది, స్లోలో (బండి ఆగి ఇంజను మాత్రం మెల్లగా తిరుగుతూ) ఉన్నప్పుడు దాదాపు ఏమీ ఇవ్వదు. ఘాట్‌లో నెమ్మదిగా పోతూ మలుపు మలుపుకీ ఆగేవాళ్లకి దాంతో ఫ్యాను నడపడం కుదరని పని.

ఆటోనగర్‌లో నలభై ఏళ్ల నుంచి ఇదే పని చేస్తున్న పెద్దాయన ఒకరున్నారు. ఆల్టర్నేటర్ పెట్టమని వెళ్తే ఆయన అది ముట్టుకోకుండా బండి కింద దూరి బయటికొచ్చి, "ముందు ఎర్తులు చూసుకో అబ్బయా, ఆల్టర్నేటర్ పెట్టినా రైసుమిల్లు మోటారు పెట్టినా ఎర్తు లేకపోతే కరెంటు యాడికి పోద్ది" అన్నారు. కరెంటు బాడీ మీదుగా బ్యాటరీకి తిరిగి వెళ్లే దారే ఎర్తు. ఇంజనుకీ బాడీకీ మధ్య ఉన్న ఎర్తు పట్టీ సగం తెగి పచ్చగా తుప్పు పట్టి ఉంది. సముద్రపు గాలి తగిలే ఊళ్లో పాత బండి ఉన్నవాళ్లు ముందు అది చూసుకోండి. బ్యాటరీ నుంచి బాడీకి ఒకటి, ఇంజను నుంచి బాడీకి ఒకటి లావుపాటి పట్టీలు, హెడ్‌లైట్లకి విడిగా ఎర్తు వైర్లు, బోల్టు పడేచోట పెయింటు గీకి గ్రీజు పూయించాను. ఖర్చు వెయ్యి రూపాయల లోపే. మొత్తం పనిలో పెట్టిన డబ్బుకి ఇంత ఫలితం ఇచ్చింది ఇంకోటి లేదు. అప్పటిదాకా మలుపులో హారన్ కొడితే మా ట్రిప్ మీటరు సున్నాకి పోయేది. బావ తలపట్టుకుని మళ్లీ మొదటి నుంచి లెక్క కట్టేవాడు. ఎర్తులు మార్చాక మీటరు ఒక్కసారి కూడా అలా సున్నాకి పోలేదు.

ఆల్టర్నేటర్ 45 ఆంపియర్లది, లోపలే రెగ్యులేటర్ ఉన్న రకం. డైనమో కరెంటుని అదుపు చేసే పాత కటౌట్ పెట్టె తీసేశాం. డైనమో పట్టీకి ఇది సరిపోదు, లేత్‌లో బ్రాకెట్ చేయించాలి, అక్కడే జాగ్రత్త. మొదటి బ్రాకెట్ పల్చటి పట్టీతో చేయించాను, పుల్లీ మూడు మిల్లీమీటర్లు పక్కకి ఉంది, తొమ్మిది నెలల్లో బెల్టు రెండుసార్లు తెగింది, తర్వాత బ్రాకెట్టే పగిలింది. ఈ బండిలో ఆ బెల్టే వాటర్ పంపునీ తిప్పుతుంది కాబట్టి బెల్టు తెగితే కరెంటూ పోతుంది, నీళ్లూ ఆగిపోతాయి. రెండోసారి 8 మిల్లీమీటర్ల ప్లేటుతో, పుల్లీలకి స్కేలు ఆనించి చూసి చేయించాను. ఐదేళ్లుగా కదల్లేదు. స్లోలో లైట్లు, ఫ్యాను అన్నీ వేసినా 13.4 వోల్టులు, రోడ్డు మీద 14.1.

ఇంకో విషయం తెలియక చాలామంది ఆల్టర్నేటరే పోయిందనుకుంటారు. మీటరులో ఎర్రగా వెలిగే చార్జింగ్ బల్బు ఊరికే సూచన కోసం కాదు. తాళం తిప్పగానే దాని గుండా పోయే కాస్త కరెంటుతోనే ఆల్టర్నేటర్ మేల్కొంటుంది. ఆ బల్బు మాడితే మొదలే కాదు. మాకు దోర్నాలలో ఇదే జరిగింది. రాత్రి తొమ్మిదికి చెక్‌పోస్టు మూసేస్తారని టీ తాగి హడావుడిగా బయల్దేరాం, తాళం తిప్పినప్పుడు ఎర్ర లైటు వెలగలేదన్నది ఎవరం చూసుకోలేదు. తుమ్మలబైలు దాటాక బావ వోల్టు మీటరు చూసి "బావా, 11.8 ఉందేంది?" అన్నాడు. ఆ అడవిలో, ఆ చీకట్లో ఎంత టెన్షన్ పడ్డామో నాకు ఇంకా గుర్తుంది. అదనపు లైట్లు ఆపేసి, మీటరులోంచి ఇంకో చిన్న బల్బు పీకి అందులో పెడితే వెంటనే 14కి లేచింది. ఇప్పుడు ఆ బల్బుకి పక్కగా ఒక రెసిస్టర్ వేయించాను, బల్బు మాడినా చార్జింగ్ ఆగదు. అక్కడ ఎల్‌ఈడీ మాత్రం పెట్టొద్దు, దాని గుండా పోయే కరెంటు చాలదు.

హెడ్‌లైట్లకి రిలేలు, అంటే స్విచ్చి నుంచి వచ్చే కాస్త కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే చిన్న డబ్బీలు. పాత పద్ధతిలో కరెంటంతా డ్యాష్‌బోర్డు స్విచ్చి దాకా వచ్చి మళ్లీ ముందుకి పోతుంది, దారిలోనే సగం ప్రాణం పోతుంది. నా బండిలో బ్యాటరీ దగ్గర 12.4 ఉంటే బల్బు దగ్గర 10.7 ఉండేది. వోల్టేజి పది శాతం తగ్గితే వెలుగు దాదాపు ముప్పై శాతం పడిపోతుంది, మరి ఇక్కడ పడిపోయింది అంతకన్నా ఎక్కువే. రిలేలు బ్యాటరీకి దగ్గరగా పెట్టి 2.5 స్క్వేర్ వైరు లాగాక అదే బల్బుతో రోడ్డు తెల్లగా కనిపించింది. అంతకుముందు వెలుగు చాలట్లేదని 100 వాట్ల బల్బులు వేసి హోల్డర్లు కరగబెట్టుకున్నాను. అవి అక్కర్లేదు, మామూలు 60/55 వాట్ల బల్బుకి పూర్తి కరెంటు అందితే చాలు. ఫ్యూజు బాక్సు కూడా మార్చండి. పింగాణీ ఫ్యూజుల చివర్లు తుప్పు పట్టి, ఫ్యూజు బాగానే ఉన్నా కరెంటు రాదు. బ్లేడు ఫ్యూజులకి మారాక చీకట్లో కూడా రంగు చూసి మార్చుకోవచ్చు, ఎరుపు 10, నీలం 15, పసుపు 20.

ఇక వేడి సంగతి. ఫ్యాను గురించి ఆలోచించే ముందు రేడియేటర్ విప్పించండి. మా ఊరి బోరు నీళ్లే ఏళ్ల తరబడి పోశారు దాంట్లో. విప్పితే కోర్ ట్యూబుల్లో తెల్లటి సున్నం పేరుకుని ఉంది, మూడో వంతు పూర్తిగా మూసుకుపోయాయి. అలాంటి రేడియేటర్‌కి ఎంత ఫ్యాను పెట్టినా గాలి ఊదడమే. ఇత్తడి ట్యాంకులు అవే ఉంచి మూడు వరుసల రాగి కోర్ వేయించాను, అప్పట్లో 6,500 అయింది. బ్లాకులో కూడా అదే సున్నం ఉంటుంది, వెనక ప్లగ్ విప్పి నీళ్ల పైపుతో బాగా కడిగించాలి, ఎర్రటి బురద వస్తూనే ఉంటుంది, తెల్ల నీళ్లు వచ్చేదాకా ఆపొద్దు. ఆ తర్వాత ఈ ఆరేళ్లూ బ్యాటరీ నీళ్లూ కూలెంటూ తప్ప ఇంకేమీ పోయలేదు. మనకి గడ్డకట్టే చలి లేదు, వేడిని మోసేది నీళ్లే కాబట్టి సగానికి సగం కలపకుండా మూడో వంతు కూలెంటు కలుపుతాను. అది కూడా లేకుండా వట్టి నీళ్లు పోయకండి, ఇంజను బ్లాకు ఇనుము, హెడ్డు అల్యూమినియం, రెండు లోహాల మధ్య నీళ్లుంటే అల్యూమినియాన్ని తినేస్తుంది. రెండేళ్లకోసారి మారుస్తాను.

ఇంజను వేడెక్కేదాకా నీళ్లు రేడియేటర్‌కి పోకుండా ఆపే థర్మోస్టాట్ వాల్వుని మన మెకానిక్కులు చాలామంది తీసి పారేస్తారు, తీస్తే చల్లగా ఉంటుందని. నా బండికీ అదే చేసి ఉన్నారు. తీసేస్తే డిసెంబరు తెల్లవారుజామున ఇంజను వేడెక్కక చోక్ లాగుతూనే ఉండాలి, పెట్రోలు తాగుతుంది. వేసవి ఎండలో మరిగితే మాత్రం అది ఉన్నా లేకపోయినా తేడా లేదు, ఎందుకంటే వేడెక్కాక అది ఎలాగూ పూర్తిగా తెరుచుకునే ఉంటుంది. 82 డిగ్రీలది తిరిగి పెట్టించాను. రేడియేటర్ మూత కూడా చూసుకోండి. 7 పౌండ్ల ఒత్తిడి దాకా ఆపే మూత సరిగ్గా పట్టుకుంటే నీళ్లు 100 దగ్గర కాక 110 దాటాకే మరుగుతాయి. స్ప్రింగు వదులైన మూత ఉంటే ఆ పది డిగ్రీలు ఊరికే పోగొట్టుకున్నట్టే.

ఎలక్ట్రిక్ ఫ్యాను ఇవన్నీ అయ్యాకే. చుట్టూ రేకు కౌల్ (రేడియేటర్ మొత్తాన్నీ కప్పే తొడుగు) తప్పనిసరి, లేకపోతే ఫ్యాను తన ఎదురుగా ఉన్న గుండ్రటి భాగంలోంచే గాలి లాగుతుంది, మూలలు వేడిగానే ఉంటాయి. మొదట్లో కోర్ గుండా ప్లాస్టిక్ ట్యాగులు దూర్చి కట్టారు, అదిరి అదిరి ఏడాదికి ట్యూబుకి రంధ్రం పడింది. తర్వాత ట్యాంకు పక్క పట్టీలకి ఇనుప బ్రాకెట్లు వేయించాను. 92 డిగ్రీలకి ఆన్, 87కి ఆఫ్ అయ్యే స్విచ్చి పెట్టించాను. ఆ స్విచ్చి మూడేళ్లకి ఒకటి పోయింది, ఏప్రిల్ మధ్యాహ్నం రాపూరు ఘాట్‌లో. డ్యాష్‌బోర్డులో చేత్తో వేసుకునే రెండో స్విచ్చి ఉండబట్టి ఏమీ కాలేదు. ఆ రెండో స్విచ్చి లేకుండా మాత్రం ఎవరూ పెట్టించుకోవద్దు. దాని ఉపయోగం ఇంకోటి కూడా ఉంది. వాన పడితే మాగుంట లేఅవుట్ రైల్వే అండర్‌బ్రిడ్జిలో నీళ్లు నిలుస్తాయని నెల్లూరోళ్లందరికీ తెలుసు. పాత ఫ్యాను ఇంజనుతో పాటే తిరుగుతూ ఆ నీళ్లన్నీ ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మీదికి చిమ్మేది, మధ్యలోనే ఆగిపోయేది. ఇప్పుడు ఫ్యాను ఆఫ్ చేసి నెమ్మదిగా దాటిస్తాను.

టెంపరేచర్ మీటరు కరెంటుది కాకుండా సన్నటి రాగి గొట్టంతో పనిచేసేది పెట్టించాను. పాతది ఎర్తు బాగోలేనప్పుడు ఒక రకంగా, లైట్లు వేస్తే ఇంకో రకంగా చూపించేది, దాన్ని నమ్మి ఒకసారి అనవసరంగా హెడ్ గాస్కెట్ మార్పించాను. కొత్తది ఒంగోలులో 44 డిగ్రీల ఎండలో ట్రాఫిక్‌లో ఆగినా 95 దాటలేదు. ఘాట్ ఎక్కేటప్పుడు 98. ఈ పనికి ముందు అదే ఘాట్‌లో రెండుసార్లు బాయిల్ అయింది.

సరిపడనివీ ఉన్నాయి. నాలుగు అదనపు లైట్లలో రెండు తీసేశాను, అవి ఎదురుగాలికి అడ్డం పడుతున్నాయి, తీసిన రోజే రెండు డిగ్రీలు తగ్గింది, ఆ డబ్బు దండగ. పెట్రోలు పంపు దగ్గర వేడికి పెట్రోలు ఆవిరై బండి ఆగడం మాత్రం ఈ మార్పులతో పూర్తిగా పోలేదు, మే నెలలో ఇప్పటికీ తడిగుడ్డ సిద్ధంగా పెట్టుకుంటాం. పంపుకీ ఇంజనుకీ మధ్య లావు గాస్కెట్ వేశాక బాగా తగ్గింది.

డిక్కీలో ఇప్పుడు ఉండేవి రెండు బెల్టులు, ఒక కింది హోస్ పైపు, రెండు రిలేలు, రెండు చార్జింగ్ బల్బులు, విప్పేసిన పాత ఫ్యాను దాని నాలుగు బోల్టులతో సహా. కింది హోస్ లోపల స్ప్రింగు ఉన్నదే కొనండి, లేకపోతే ఇంజను గట్టిగా తిరిగినప్పుడు పంపు లాగుడుకి పైపు నొక్కుకుపోతుంది. నా బండికి ఉన్నది ఆరేళ్ల నాటిది, చేత్తో నొక్కితే మెత్తబడింది, డిసెంబరు ర్యాలీకి ముందే మార్పిస్తున్నాను.