కీన్ వండర్ గని, వెలిగారం బండ్లు: డెత్ వ్యాలీలో పాత యంత్రాల ఫొటోలు

కాలిఫోర్నియాలో ఉండే మనవాళ్లు డెత్ వ్యాలీ నేషనల్ పార్కుకు వెళ్తే సాధారణంగా సముద్రమట్టానికి 86 మీటర్ల దిగువన ఉన్న బ్యాడ్‌వాటర్ ఉప్పు మైదానం, జబ్రిస్కీ పాయింట్, ఇసుక దిబ్బలు చూసి తిరిగి వస్తారు. అవన్నీ అందమైనవే, కాదనను. కానీ కెమెరా పట్టుకుని వెళ్లేవాళ్లు పాత గనుల వైపు తిరగకపోతే ఈ ఎడారిని సగమే చూసినట్టు. ఇక్కడ ఏడాది మొత్తానికి పడే వాన సుమారు రెండంగుళాలు. అందుకే ఇనుము పైపైన తుప్పు పడుతుంది గానీ కరిగిపోదు, కలప ఎండిపోతుంది గానీ చివికిపోదు. నూరేళ్ల కిందట పనివాళ్లు ఎక్కడ వదిలి వెళ్లారో యంత్రం అక్కడే ఉంటుంది.

మా మామయ్య సింగరేణిలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. కూతురి దగ్గర ఉండటానికి అమెరికా వచ్చారు. ఆయన్ను వెంటబెట్టుకుని డిసెంబరులో బయలుదేరాను. ఆయన రాకపోతే నేను తుప్పు రంగులు మాత్రమే తీసుకుని వచ్చేవాణ్ణి.

ముందుగా ఫర్నేస్ క్రీక్ పక్కనే ఉన్న హార్మొనీ బోరాక్స్ వర్క్స్‌కు వెళ్లాం. మన కంసాలులు వాడే వెలిగారం (బోరాక్స్) ఇక్కడ 1883 నుంచి 1888 వరకు తయారైంది. చైనా నుంచి వచ్చిన కూలీలు ఉప్పు నేల మీద ముడిఖనిజం గీకి పోగుచేసేవారు. దాన్ని నీళ్లలో మరిగించి, చల్లార్చి, స్ఫటికాలు కట్టించేవారు. వేసవిలో ఆ నీరు చల్లారేదే కాదు, అందుకని ఆ నెలల్లో పని ఆపేసేవారు. మరిగించిన బాయిలరు, మట్టి ఇటుకల గోడలు ఇంకా ఉన్నాయి. వాటి దగ్గరే సరుకు మోసిన బండ్లు నిలిపి ఉంచారు. వెనక చక్రం ఏడడుగుల ఎత్తు, మనిషిని మించిపోతుంది. పద్దెనిమిది కంచరగాడిదలు, రెండు గుర్రాలు కలిసి ఈ బండ్లను 165 మైళ్ల దూరంలోని మొహావీ రైలు స్టేషన్ దాకా లాగేవి. నడకదారి చిన్నది, చదునైనది, పెద్దవాళ్లకు ఏ ఇబ్బందీ లేదు. ఫొటోలకు మాత్రం సూర్యోదయానికే వెళ్లాలి. తొమ్మిది దాటాక సందర్శకులు వరుసగా వస్తూనే ఉంటారు. ఎండ నెత్తికెక్కాక బాయిలరు ఆకారమే చదునుగా కనిపిస్తుంది.

ఫర్నేస్ క్రీక్ రాంచ్ దగ్గర 'ఓల్డ్ డైనా' అనే ఆవిరి ట్రాక్టరు ఉంది. కంచరగాడిదల బదులు పనికొస్తుందని 1894లో తెచ్చారు. మాటిమాటికీ చెడిపోతుంటే పక్కన పెట్టేశారు. తర్వాత కీన్ వండర్ గని పనికి వాడబోతే డేలైట్ కనుమలో బాయిలరు పేలింది, ఎడారిలోనే వదిలేశారు. చరిత్ర ఇంత గొప్పది, ఇప్పుడున్న చోటు మాత్రం ఫొటోకు అనుకూలంగా లేదు. చుట్టూ ఖర్జూర చెట్లు, కార్లు. ఏ కోణంలో తీసినా ప్రదర్శనకు పెట్టిన వస్తువులాగే వస్తుంది. పెద్ద చక్రాల మీది రివెట్లు దగ్గరగా నాలుగు తీసి కదిలాం.

ఇక కీన్ వండర్. ఈ యాత్రకు ప్రాణం ఇదే. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో దొరికిన బంగారు గని ఇది. కొండ పైన తవ్విన రాయిని, దాన్ని పొడిచేసి బంగారం తీసే కింది మిల్లుకు దింపడానికి దాదాపు మైలు పొడవున రోప్‌వే కట్టారు. పైకీ కిందికీ ఎత్తులో తేడా సుమారు 1500 అడుగులు. గని నోళ్లు, బలహీనపడ్డ కట్టడాలు ప్రమాదకరంగా మారడంతో 2008లో మూసేసి, మరమ్మతులు చేశాక 2017 చివర్లో మళ్లీ తెరిచారు. బీటీ కటాఫ్ రోడ్డు నుంచి చీలిన కంకర దారిలో మూడు మైళ్లలోపు వెళ్లాలి. నెమ్మదిగా నడిపితే మా మామూలు కారే చాలింది. వానల తర్వాత అయితే కొంచెం ఎత్తుగా ఉండే బండి మేలు.

రోప్‌వే కింది చివర ఉన్న టెర్మినల్ కార్లు ఆపే చోటి నుంచి కాస్త నడిస్తే వస్తుంది. బలమైన దుంగలతో కట్టిన ఎత్తైన చట్రం అది. దాని మీది నుంచి చూస్తే ఒకదాని పైన ఒకటిగా స్తంభాలు కొండెక్కుతూ కనిపిస్తాయి. నేను ట్రైపాడ్ బిగిస్తుంటే మామయ్య ఆ చట్రం చుట్టూ తిరిగి, ఎక్కడో ఏదో వెతుకుతూ ఉన్నారు.

"ఏం చూస్తున్నారు మామయ్యా?"

"ఇంజను పెట్టిన దిమ్మె ఎక్కడుందా అని. లేదు. అక్కర్లేదు కూడా. నిండు టబ్బు దిగుతూ ఖాళీ టబ్బును పైకి లాగుతుంది. ఇక్కడ ఇంజను కన్నా బ్రేకు ముఖ్యంరా. అది చూడాలంటే పైకి పోవాలి."

ఆ మాటతో నా ఫొటోలు మారిపోయాయి. అప్పటిదాకా చట్రాన్ని, స్తంభాలను విడివిడిగా తీస్తున్నాను. తర్వాత దూరాన్ని దగ్గరగా చూపే 200 మిల్లీమీటర్ల లెన్సు పెట్టి, స్తంభాల వరుసంతా ఒకే గీతగా, బరువు కిందికి జారే దారి కనిపించేలా తీశాను. మిల్లు ఉన్న చోట ఇప్పుడు పునాదులు, తుప్పు పట్టిన తొట్లే మిగిలాయి. కానీ కొండను, రోప్‌వేను, ఆ తొట్లను ఒకే ఫ్రేములోకి తెస్తే రాయి ఎటు నుంచి ఎటు వెళ్లిందో చూసినవాళ్లకు అర్థమవుతుంది. నాకు తెలిసి పాత యంత్రాల ఫొటోలో ఉండాల్సింది అదే, అది చేసిన పని.

ఈ కొండవాలు పడమటి వైపుకు తిరిగి ఉంది. పొద్దున సూర్యుడు కొండ వెనక నుంచి వస్తాడు కాబట్టి చాలాసేపు నీడే. మధ్యాహ్నం మూడు తర్వాత వెలుగు అడ్డంగా పడి దుంగల పగుళ్లు, బోల్టుల తలలు ఒక్కొక్కటిగా తేలతాయి. పై టెర్మినల్‌కు మైలున్నర లోపే దారి, కానీ నిట్టనిలువు ఎక్కుడు, నీడ బొత్తిగా లేదు. మామయ్యను కిందే ఉంచి నేనొక్కణ్ణే ఎక్కాను. తాడు చుట్టుకు తిరిగిన పెద్ద చక్రం దగ్గర నిలబడి లోయ మొత్తం చూస్తే మోకాళ్ల నొప్పి గుర్తుకు రాదు. దిగేటప్పటికి చీకటి పడకుండా చూసుకోండి, తలకు కట్టుకునే లైటు తప్పనిసరి. గని నోళ్లలోకి మాత్రం, ఎంత లోతు లేనట్టు కనిపించినా, అడుగు పెట్టకండి.

రయొలైట్ గురించి ఎక్కువ చెప్పను. నెవాడాలో బీటీ ఊరికి నాలుగు మైళ్లలో ఉన్న ఈ ఊరు 1905లో పుట్టి పదేళ్లు తిరిగేసరికే దాదాపు ఖాళీ అయింది. మూడంతస్తుల కుక్ బ్యాంకు గోడలు, సీసాలతో కట్టిన ఇల్లు, రైలు స్టేషన్ బాగుంటాయి. యంత్రాల కోసం వచ్చినవాళ్లకు మాత్రం ఒక గంట చాలు.

బస విషయానికొస్తే, పార్కు లోపల ఫర్నేస్ క్రీక్‌లోనూ స్టవ్‌పైప్ వెల్స్‌లోనూ హోటళ్లున్నాయి. శీతాకాలపు వారాంతాల్లో ధరలు గట్టిగానే ఉంటాయి, నెలల ముందే నిండిపోతాయి. మేము బీటీలో దిగాం. మోటెల్ గది శుభ్రంగా ఉంది, హీటరు మోత వల్ల నిద్ర మాత్రం సరిగా పట్టలేదు. అయినా నా ఓటు బీటీకే. ధర తక్కువ, పెట్రోలు పార్కులో కన్నా చౌక, కీన్ వండర్‌కు డేలైట్ కనుమ మీదుగా నేరుగా దిగిపోవచ్చు. శాకాహారులకు ఎక్కడ తిన్నా బ్రెడ్డూ బంగాళాదుంపలే. మామయ్యకు అవి పడవు, మా చెల్లెలు కట్టిచ్చిన పులిహోర ఆదుకుంది.

పార్కు రుసుము కారుకు 30 డాలర్లు, ఏడు రోజులు చెల్లుతుంది, నగదు తీసుకోరు. డ్రోన్లు నిషిద్ధం. తుప్పు పట్టిన మేకైనా సరే తీసుకెళ్లకూడదు. ఆ నియమాన్ని మనసారా సమర్థిస్తాను, ఎందుకంటే ఒక్కొక్కరు ఒక్కో బోల్టు పట్టుకుపోతే ఈ యంత్రాలను మామయ్య చదివినట్టు ఇంకెవరూ చదవలేరు. లోయలో చాలాచోట్ల ఫోను పనిచేయదు, మ్యాపు ముందే దింపుకోండి.

ఈసారి స్కిడూ మిల్లు వదిలేయాల్సి వచ్చింది. పదిహేను స్టాంపుల, అంటే రాయిని దంచే ఇనుప రోకళ్ల మిల్లు అది. దాని కోసం టెలిస్కోప్ శిఖరం వైపు నుంచి సుమారు ఇరవై మైళ్ల గొట్టంలో నీళ్లు తెచ్చారు. అక్కడికి ఎత్తైన బండి కావాలి. 2023 ఆగస్టులో హిల్లరీ తుపాను వచ్చినప్పుడు పార్కు మొత్తాన్నే అక్టోబరు దాకా మూసేశారు. అందుకే స్కిడూకు బయలుదేరే ముందు ఫర్నేస్ క్రీక్ సందర్శకుల కేంద్రంలో దారి తెరిచి ఉందో లేదో అడిగి తెలుసుకోండి.