ఎంఎంటీఎస్ రెండో దశ: పట్టాలు వచ్చాయి, బండ్లు కావాలి

హైదరాబాద్ లోకల్ రైలు ఎంఎంటీఎస్ సీజన్ టికెట్ నా జేబులో ఉండబట్టి చాలా ఏళ్లయింది. మొదట్లో చందానగర్ నుంచి లక్డీకాపూల్‌కి వెళ్లేవాణ్ణి. ఇల్లు మారాక నేరేడ్‌మెట్ నుంచి హైటెక్ సిటీకి వెళ్తున్నాను. రెండో దశ లైన్లు తెరిచినప్పటి నుంచి తెలిసినవాళ్లు అడుగుతున్నారు, "ఇప్పుడు ట్రైన్ నమ్ముకోవచ్చా?" అని. ఒక్క మాటలో చెప్పలేను. ఏ లైన్లో, ఎన్ని గంటలకు వెళ్తారన్నదాన్ని బట్టి జవాబు మారిపోతుంది.

ముందు ఛార్జీ సంగతి. కనీస టికెట్ ఇప్పటికీ 5 రూపాయలే. 2025లో పెరిగిన మెట్రో ఛార్జీలు, తగ్గింపు పోగా కూడా, 11 నుంచి 69 రూపాయల దాకా ఉన్నాయి. ఇంట్లో ఇద్దరు రోజూ తిరిగేవాళ్లుంటే నెలాఖరుకి ఆ తేడా బాగా తెలుస్తుంది. ఇళ్లలో పనిచేసేవాళ్లు, సెక్యూరిటీ గార్డులు, కోచింగ్ పిల్లలు, కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు ఈ రైలు మీదే ఎందుకు ఆధారపడతారో నాకు బాగా తెలుసు. వాళ్లకి ఇంకో దారి ఉన్నా దాని ఖర్చు భరించలేరు. ఎంఎంటీఎస్ బాగుపడాలని నేనింత గట్టిగా కోరుకోవడానికి మొదటి కారణం ఇదే.

రెండోది వేగం. సాయంత్రం హైటెక్ సిటీ నుంచి బేగంపేట దాకా రోడ్డు మీద వెళ్లినవాళ్లకి ఆ టెన్షన్ చెప్పక్కర్లేదు. అదే రైల్లో అయితే, కదిలాక బోరబండ, భరత్‌నగర్, ఫతేనగర్ ఎలా దాటిపోతాయో తెలియదు. కష్టమంతా ఆ రైలు రావడంలోనే ఉంది.

2003 ఆగస్టు 9న మొదలైన ఈ సర్వీసుకి సొంత పట్టాలు లేవు. ఎక్స్‌ప్రెస్‌లు, గూడ్సు బండ్లు వెళ్లే లైన్ల మీదే ఇదీ వెళ్లాలి. దూరప్రయాణాల బండి ఆలస్యంగా వస్తే ముందు దాన్ని పంపించి, లోకల్‌ని స్టేషన్ బయట సిగ్నల్ దగ్గర నిలబెడతారు. సికింద్రాబాద్ దగ్గరైతే ప్లాట్‌ఫాం ఖాళీ అయ్యేదాకా కదలదు. అందుకే మేం సీజన్ టికెట్ వాళ్లం ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. పొద్దున్నే అందులో మొదటి మెసేజ్ "బండి ఎక్కడుందన్నా?" అని వస్తుంది. ముందు స్టేషన్‌లో ఎక్కినవాళ్లెవరో జవాబిస్తారు. దాన్ని బట్టే ఇంట్లోంచి బయల్దేరతాం.

కొవిడ్‌కి ముందు రోజుకు 121 సర్వీసులు నడిచేవి. 2020 మార్చిలో ఆగిపోయి, 2021 జూన్ 23న పదింటితో మళ్లీ మొదలయ్యాయి. తర్వాత పెంచుతూ వచ్చారు గానీ పాత ఊపు రాలేదు. ఆ పదిహేను నెలల్లో చాలామంది సొంత వాహనం కొనుక్కున్నారు, లేదా మెట్రోకి మారారు. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీలో మహిళలకి ఉచిత ప్రయాణం వచ్చాక లేడీస్ బోగీల్లో రద్దీ ఇంకా పలచబడింది. జనం తగ్గారని సర్వీసులు తగ్గిస్తే, సర్వీసులు లేవని మిగిలినవాళ్లూ వెళ్లిపోతారు. నా పాత తోటి ప్రయాణికుల్లో చాలామంది అలాగే వెళ్లిపోయారు.

ఇక రెండో దశ. 2012లో మంజూరైనప్పుడు అంచనా 817 కోట్లు. రాష్ట్రం వాటా మూడింట రెండు వంతులు, రైల్వేది ఒక వంతు. డబ్బుల దగ్గర ఏళ్ల తరబడి పేచీ నడిచింది, ఖర్చు 1,169 కోట్లకి చేరింది. చివరికి 2023 ఏప్రిల్ 8న సికింద్రాబాద్–మేడ్చల్, ఫలక్‌నుమా–ఉందానగర్ సర్వీసులు మొదలయ్యాయి. 2024 మార్చి 5న మౌలాలి, సనత్‌నగర్ మీదుగా ఘట్‌కేసర్–లింగంపల్లి బండి వచ్చింది. విమానాశ్రయం దాకా వెళ్తుందనుకున్న లైను మాత్రం ఉందానగర్ దగ్గరే ఆగింది.

వీటన్నిటిలో సనత్‌నగర్–మౌలాలి లైను అసలైన మార్పు. సికింద్రాబాద్ ముఖం చూడకుండా ఊరికి తూర్పు నుంచి పడమటికి వెళ్లిపోవచ్చు. దారిలో ఫిరోజ్‌గూడ, సుచిత్ర సెంటర్, భూదేవినగర్, అమ్ముగూడ, నేరేడ్‌మెట్, హౌసింగ్ బోర్డు కాలనీ అని ఆరు కొత్త స్టేషన్లు కట్టారు. మా వైపు నుంచి ఐటీ ఆఫీసులకి వెళ్లేవాళ్లకి ఇంతకన్నా మంచి దారి లేదు. పొద్దున బండి దొరికిన రోజున ఆఫీసుకి అలసట లేకుండా చేరతాను. కానీ రోజు మొత్తం మీద ఈ లైన్లో నడిచేవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. సాయంత్రం ఒకటి తప్పిందంటే మళ్లీ సికింద్రాబాద్ చుట్టే. ఇంత ఖర్చుపెట్టి వేసిన పట్టాలు మధ్యాహ్నమంతా ఖాళీగా కనిపిస్తుంటే బాధేస్తుంది.

చర్లపల్లి సంగతి ఇంకా ముఖ్యం. 2025 జనవరి 6న కొత్త టెర్మినల్ తెరిచారు. సికింద్రాబాద్‌లో పునర్నిర్మాణం జరుగుతుండటంతో చాలా దూరప్రయాణాల బండ్లు అక్కడికి మారాయి. కూకట్‌పల్లి, చందానగర్, మియాపూర్‌లలో ఉండే ఆంధ్రావాళ్లు సంక్రాంతికి పెట్టెలు, పిల్లలతో చర్లపల్లికి క్యాబ్‌లో వెళ్తున్నారు. రైలు టికెట్ కన్నా క్యాబ్ కిరాయే ఎక్కువ అవుతున్న ఇళ్లున్నాయి. లింగంపల్లి నుంచి చర్లపల్లికి నేరుగా పట్టాలున్నాయి, కరెంటు లైనుంది, మౌలాలి–ఘట్‌కేసర్ మధ్య అదనపు లైన్లూ వేశారు. రాత్రి బయల్దేరే ఎక్స్‌ప్రెస్‌ల వేళకి, తెల్లవారుజామున దిగేవాళ్ల వేళకి రెండేసి లోకల్ బండ్లు వేస్తే చాలు, ఆ క్యాబ్ ఖర్చు తప్పుతుంది. కొత్త పట్టాలేమీ అక్కర్లేదు.

స్టేషన్ల మెరుగుదల కళ్లకి కనిపిస్తోంది. అమృత్ భారత్ పథకం కింద బేగంపేట కొత్త రూపాన్ని 2025 మే 22న ప్రారంభించారు. హైటెక్ సిటీ, హఫీజ్‌పేట కూడా ఆ జాబితాలో ఉన్నాయి. లిఫ్టులు, ఎస్కలేటర్లు వస్తే మా అమ్మలాంటి మోకాళ్ల నొప్పులవాళ్లకి పెద్ద ఊరట. నాకు మాత్రం స్టేషన్ గేటు బయట సంగతే ఎక్కువ ముఖ్యం. హైటెక్ సిటీలో దిగాక ఆఫీసుల దాకా షేర్ ఆటోనే దిక్కు. కొత్త స్టేషన్లలో కొన్నింటి బయట అదీ ఉండదు. చీకటి పడ్డాక మెయిన్ రోడ్డు దాకా ఒంటరిగా నడవడానికి ఆడపిల్లలు భయపడుతున్నారు. వీధి దీపాలు, బండి వచ్చే వేళకి ఒక ఆర్టీసీ మినీ బస్సు ఉంటే వాళ్లు ధైర్యంగా ఎక్కుతారు.

ఇప్పటికి నా సలహా ఇది. లింగంపల్లి–నాంపల్లి, లింగంపల్లి–ఫలక్‌నుమా దారుల్లో ఆఫీసు వేళల్లో వెళ్లేవాళ్లు ధైర్యంగా సీజన్ టికెట్ తీసుకోండి. పంచ్ టైముకి పావుగంట ముందు చేరే బండినే ఎంచుకోండి. మేడ్చల్, ఘట్‌కేసర్ వైపువాళ్లు మీ వేళకి వచ్చే బండి, తిరుగు బండి రెండూ టైమ్ టేబుల్లో చూసుకున్నాకే తీసుకోండి. ఆదివారాలు పనుల పేరుతో రద్దులుంటాయి కాబట్టి ముందురోజు వార్త చూడటం మంచిది.

ఘట్‌కేసర్ నుంచి యాదాద్రి దాకా మరో 33 కిలోమీటర్లు పొడిగిస్తామంటున్నారు. స్వామి దర్శనానికి చవక టికెట్‌తో వెళ్లగలగడం సామాన్యులకి ఎంత మేలో నేను చెప్పక్కర్లేదు, ఆ లైను రావాల్సిందే. అయితే ఆ పని మొదలుపెట్టే లోపు ఘట్‌కేసర్–లింగంపల్లి మధ్య ఉదయం, సాయంత్రం అరగంటకొక బండి నడపండి. దానికి కావాల్సింది రేకులు (బోగీల సెట్లు), సిబ్బంది, లోకల్‌కి కూడా విలువిచ్చే టైమ్ టేబుల్. అది ఆరు నెలలు ఆగకుండా నడిస్తే, వదిలి వెళ్లిపోయిన మా వాట్సాప్ గ్రూపువాళ్లని నేనే ఒక్కొక్కరికీ ఫోన్ చేసి వెనక్కి పిలుస్తాను.