హార్బర్‌లో చేపల అప్ప: కవళ్ళకీ నెత్తళ్ళకీ ఇక్కడికే వెళ్ళండి

మా అమ్మాయి పురుటికి వచ్చింది. ఇప్పుడు ఏడో నెల. చేపల పులుసు లేకపోతే దానికి ముద్ద దిగదు. అందుకని నెల రోజులుగా ప్రతి ఆదివారం గాజువాక నుంచి విశాఖ ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళి, చేపలమ్మే ఒక అప్ప దగ్గరే కొంటున్నాను.

మొదటిరోజు సొరచేప అడిగాను. పురుడయ్యాక సొరపిట్టు, అంటే సొరచేప పొడికూర, పెడితే పాలు బాగా పడతాయని మా అత్తగారి నమ్మకం, ఇప్పట్నించే అలవాటు చెయ్యమన్నారు. "ఎవరికమ్మా?" అంది అప్ప. చెప్పాను. "మా కోడలికి నర్సమ్మ సొర వద్దందమ్మా. కవళ్ళు అట్టుకెళ్ళు" అంది. సొర అమ్మితే ఆమెకే నాలుగు డబ్బులు ఎక్కువ మిగిలేవి.

నేను చాలా ఏళ్ళు కెమిస్ట్రీ పాఠాలు చెప్పినదాన్ని. నర్సమ్మ మాట నిజం. బొగ్గులో కాస్త పాదరసం ఉంటుంది. కాలిస్తే ఆవిరై పొగగొట్టం దాటి, నెలల తరబడి గాల్లో తిరిగి, ఎక్కడో వానతో దిగుతుంది. నీళ్ళలో సూక్ష్మజీవులు దాన్ని మిథైల్ మెర్క్యురీగా మారుస్తాయి. నాచు నుంచి చిన్న చేపకి, చిన్న చేప నుంచి పెద్ద చేపకి వెళ్తూ చిక్కబడుతుంది. చాలా ఏళ్ళు బతికి, తోటి చేపల్ని తినే సొరలో బాగా పేరుకుంటుంది, కవళ్ళూ నెత్తళ్ళూ లాంటి చిన్న చేపల్లో తక్కువే. కండలోనే పట్టి ఉంటుంది కాబట్టి ఉప్పూ పసుపూ వేసి ఎంత రుద్దినా, ఎంతసేపు ఉడికించినా పోదు. కడుపులో బిడ్డ మెదడుకి చేరుతుంది. జపాన్‌లో మినమాటా జబ్బు 1956లో బయటపడింది. ఫ్యాక్టరీ పాదరసం వదిలిన సముద్రంలో చేపలు తిన్న తల్లుల్లో కొందరు బాగానే కనిపించారు, వాళ్ళకి పుట్టిన పిల్లలకి కాళ్ళూ చేతులూ స్వాధీనంలో లేవు. అది చదివిన ప్రతిసారీ నాకు గుండె పిండేసినట్టుంటుంది.

2015లో ప్రపంచమంతా మనుషుల పనుల వల్ల గాల్లో కలిసిన పాదరసం సుమారు 2,200 టన్నులు. బొగ్గు కాల్చేచోట పొగలోని గంధకాన్ని కడిగే యంత్రం పెడితే పాదరసం కూడా కొంత ఆగుతుంది. అలాంటివి ప్రతి థర్మల్ ప్లాంటులో పెట్టి తీరాలి.

ఇక అప్ప సంగతి. తూకం మన కళ్ళ ముందే. నెత్తళ్ళు బాగుచెయ్యమంటే మిగతావాళ్ళు విసుక్కుంటారు, ఈమె ఒక్కొక్కదానికీ తలా పేగూ తీసి ఇస్తుంది. ఎనిమిది దాటితే మాత్రం కవళ్ళు దొరకవు. ఐసు సరిగ్గా వెయ్యదు, డబ్బా మనమే తీసుకెళ్ళాలి. నేలంతా జారుడు, పెద్దవాళ్ళు జాగ్రత్త.

మరి సొరపిట్టుకి బదులేంటని ఆమెనే అడిగాను. నెత్తళ్ళు ఉడికించి, ముళ్ళు తీసి, అల్లం వెల్లుల్లి, పచ్చిమిర్చి వేసి పొడిపొడిగా వేపమంది. వచ్చే ఆదివారం చేసి చూస్తాను.