తొలిసారి యూరప్ ఓడ ఎక్కేవారికి: ఏళ్ల తరబడి తిరిగాక రాస్తున్న సమీక్ష

మధ్యధరా సముద్రంలో వారం రోజుల క్రూయిజ్ అనగానే మనవాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న తిండి గురించి, రెండోది ఖర్చు గురించి. రెండూ చెబుతాను. నేను జర్మనీలో ఉద్యోగం చేస్తున్నాను. చాలా ఏళ్లుగా ఇక్కడి కంపెనీల ఓడల్లో తిరుగుతున్నాను. మొదట్లో స్నేహితులతో, తర్వాత గుంటూరు నుంచి వచ్చిన అమ్మానాన్నలతో, ఆపైన హైదరాబాద్ నుంచి వచ్చిన అక్కావాళ్లతో వెళ్లాను. ఎక్కిన కంపెనీల పేర్లు రాయడం లేదు. మెచ్చుకున్నవీ విసుక్కున్నవీ ఒక్క కంపెనీకే పరిమితం కావు.

తిండి కంటే ముందు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. అమెరికా ఓడల్లో సాధారణంగా అందరూ ఒకే రేవులో ఎక్కుతారు, ఒకే రోజు దిగుతారు. పశ్చిమ మధ్యధరాలో తిరిగే యూరప్ ఓడలు చాలావరకు అలా కాదు. జెనోవా, మార్సెయ్, బార్సిలోనా, పలెర్మో, నేపుల్స్, సివిటావెక్కియా ఇలా ఒక వలయంలో తిరుగుతూనే ఉంటాయి. ప్రతి రేవులోనూ కొందరు ఎక్కుతారు, కొందరు దిగుతారు. ఊరి చుట్టూ తిరిగే సిటీ బస్సు లాంటిదన్నమాట. మీకు మూడో రోజు అయితే పక్క క్యాబిన్ వాళ్లకు అదే మొదటి రోజు, ఎదురు క్యాబిన్ వాళ్లకు ఆఖరి రోజు. కొత్తవాళ్లకు వింతగా, చికాకుగా తోచే విషయాల్లో సగం ఇక్కడి నుంచే పుడతాయి. వరండాలో రోజూ ఎవరివో పెట్టెలు అడ్డం ఉంటాయి. రిసెప్షన్ దగ్గర వరస ఏనాడూ తరగదు. స్వాగతం పలికే పార్టీ రెండుసార్లు జరుగుతుంది.

భద్రతా విన్యాసం, అంటే ప్రమాదం వస్తే ఏం చేయాలో చూపే సేఫ్టీ డ్రిల్ కూడా ఎక్కేవాళ్ల కోసం ప్రతి రేవులోనూ జరుగుతుంది. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. 2012 జనవరి 13 రాత్రి ఇటలీలోని జిల్యో దీవి దగ్గర కోస్టా కాంకార్డియా అనే క్రూయిజ్ ఓడ రాయికి కొట్టుకుని ఒరిగిపోయింది. 32 మంది చనిపోయారు. ఆ సాయంత్రమే సివిటావెక్కియాలో ఎక్కిన వందలాది మందికి అప్పటికి ఇంకా విన్యాసం జరగలేదు. ఎక్కిన 24 గంటల్లోపు జరిపితే చాలన్నది అప్పటి నిబంధన. 2015 జనవరి 1 నుంచి అంతర్జాతీయ నిబంధన మారింది. ఓడ బయలుదేరే ముందుగానీ, బయలుదేరిన వెంటనేగానీ విన్యాసం పూర్తి కావాలి. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగాటి కూత వినిపిస్తే అత్యవసరమని గుర్తు. క్యాబిన్ తలుపు వెనక అంటించిన పటంలో మీరు చేరవలసిన చోటు ఉంటుంది. సామాను సర్దుకోవడానికి ముందే అక్కడిదాకా ఒకసారి నడిచి రండి.

ఇక మాటల సంగతి. ప్రకటన ఏదైనా ఇటాలియన్, ఫ్రెంచ్, స్పానిష్, జర్మన్, ఇంగ్లిష్ భాషల్లో వరసగా వస్తుంది. ఇంగ్లిష్ వంతు వచ్చేసరికి వినే ఓపిక పోతుంది. అందుకే ఫోనులో వచ్చే దినచర్యనే నమ్ముకోవాలి. దీనివల్ల ఒక మేలు కూడా ఉంది. ఇన్ని భాషల జనం ముందు మాటలతో నవ్వించడం కుదరదు కాబట్టి థియేటరులో పాటలు, నృత్యం, సర్కస్ విన్యాసాలే ఎక్కువ. ఇంగ్లిష్ రాని మా అమ్మ ఏ రాత్రీ నాటకశాల మానలేదు. జర్మన్లు నడిపే ఐడా ఓడల్లో మాత్రం అంతా జర్మన్ భాషే. ఆ భాష రానివారికి ఆ ఓడలు నేను చెప్పను. జర్మన్ ఓడల్లో ఆవిరి గదుల్లోకి ఆడా మగా కలిసి, బట్టలు లేకుండా వెళ్లడం మామూలు. అత్తామామలతో వెళ్లేవాళ్లు ఆ తలుపు తెరిచే ముందు ఈ ముక్క గుర్తు చేసుకోవాలి.

తిండికి వస్తాను. మాంసాహారులకు ఏ ఇబ్బందీ లేదు, కారం తగ్గిందన్న బాధ తప్ప. శాకాహారులకు తిండి ఉంటుంది, కానీ నోరు తెరిచి అడగాలి. అమ్మకు మొదటి రాత్రి పుట్టగొడుగుల రిసోటో వడ్డించారు. అది జున్ను, వెన్నతో కలిపి పలుకు పలుకుగా వండే అన్నం. అమ్మ రెండు చెంచాలు తిని పళ్లెం పక్కకు జరిపి, "ఇంకో రెండు విజిల్స్ రానివ్వాల్సింది" అంది. ఆ బల్ల దగ్గర వడ్డించే కుర్రాడిది మంగళూరు. అతనికి తెలుగు అర్థం కాకపోయినా పళ్లెం జరిగిన తీరు అర్థమైంది. నాన్నతో హిందీలో రెండు మాటలు మాట్లాడి వెళ్లాడు. మర్నాడు రాత్రి పట్టికలో లేని భోజనం వచ్చింది. తెల్లటి మెత్తని అన్నం, పలచటి కందిపప్పు, చిన్న గిన్నెలో తరిగిన పచ్చిమిరపకాయలు, నిమ్మచెక్క. లోపలున్న మన వంటవాడితో చెప్పి చేయించానన్నాడు. ఈ ఓడల్లో భారతీయులు, ఫిలిప్పీన్స్ వాళ్లు, ఇండోనేషియా వాళ్లు పెద్ద సంఖ్యలో పనిచేస్తారు. వాళ్లూ అన్నం తినేవాళ్లే. కాబట్టి మొదటి రాత్రే బల్ల దగ్గరికి వచ్చే హెడ్ వెయిటరుకు మీ పథ్యం చెప్పేయండి. చెప్పకుండా ఊరుకుంటే వారమంతా పాస్తా, పిజ్జాలే గతి. పిజ్జా మాత్రం నిజంగా బాగుంటుంది. అర్ధరాత్రి కూడా జనం దాని కోసం వరసలో నిలబడటం చూశాను.

నిష్ఠగా ఉండేవాళ్లకు మరో మాట. పార్మిజానో జున్నును దూడ కడుపులోంచి తీసే పదార్థంతో తోడుపెడతారు. ఇటలీలో ఆ జున్ను చల్లని పళ్లెం అరుదు. రిసోటోను మాంసం ఉడికించిన నీళ్లతో వండటమూ ఉంది. శాకాహారమని రాసి ఉన్నా "ఏ నీళ్లతో వండారు?" అని అడగడం తప్పు కాదు. పొద్దున టిఫిను ఇటలీ వాళ్ల అలవాటు ప్రకారం తీపిగా ఉంటుంది. చక్కెర పూసిన రొట్టెలు, చిన్న కప్పులో చిక్కటి కాఫీ. బఫేలో యంత్రం నుంచి వచ్చే కాఫీ ఉచితమే గాని అది కాఫీ అనిపించుకోదు. బారులో డబ్బిచ్చి తాగే ఎస్ప్రెసో వంద రెట్లు నయం. రాత్రి భోజనం రెండు పంక్తుల్లో జరుగుతుంది. రెండో పంక్తి తొమ్మిది ప్రాంతానికి గాని మొదలవదు. పెద్దవాళ్లు వెంట ఉంటే బుక్ చేసేటప్పుడే మొదటి పంక్తి కోరండి.

మనవాళ్లు ఇంటి నుంచి వంట సరంజామా తెచ్చుకునే విషయంలో ఓడ నియమం కచ్చితం. ఒకసారి ఎక్కేటప్పుడు మా ముందున్న తెలుగు కుటుంబం పెట్టె ఎక్స్‌రే యంత్రంలోంచి బయటికి రాగానే పక్కకు లాగారు. లోపల తువ్వాలులో చుట్టిన చిన్న ఎలక్ట్రిక్ రైస్ కుక్కరు. అప్పటికే ఆ బల్ల మీద ఇస్త్రీ పెట్టెలు, నీళ్లు కాచే కెటిళ్లు, పొడుగాటి ప్లగ్గు బోర్డులు వరసగా ఉన్నాయి. కుక్కరుకు చీటీ కట్టి రసీదు ఇచ్చారు, దిగేరోజు తీసుకోమన్నారు. ఆ ఇంటావిడ రసీదు వంక చూస్తూ, "బియ్యం కూడా ఇచ్చేయనా అండీ?" అని నన్ను అడిగారు. సముద్రం మధ్య నిప్పు కంటే పెద్ద భయం లేదు కాబట్టి వేడిచేసే వస్తువు ఏదీ క్యాబిన్లోకి రానివ్వరు. బయటి తిండి కూడా తేవద్దన్నదే చాలా కంపెనీల నియమం. మూత బిగించిన కందిపొడి, ఆవకాయ సీసాలను మా దగ్గర ఎవరూ అడ్డుకోలేదు, అలాగని మీ దగ్గరా అడ్డుకోరని హామీ ఇవ్వలేను. పాలతో చేసిన కోవా, మాంసం పచ్చళ్ల సంగతి వేరు. భారత్ నుంచి వచ్చేవాళ్లు అలాంటివి యూరోపియన్ యూనియన్‌లోకి తేకూడదన్నది చట్టం. అది విమానాశ్రయంలోనే తేలిపోతుంది.

ఖర్చు దగ్గర జాగ్రత్త. ప్రకటనలో కనిపించే ధర సగం కథే. సేవా రుసుము కింద పెద్దవాళ్లకు రాత్రికి 10 యూరోల పైనే ఖాతాలో పడుతుంది. కొన్ని టికెట్లలో ముందే కలిపి ఉంటుంది, చూసుకోండి. రాత్రి భోజనం బల్ల మీద నీళ్లసీసా కూడా కొనుక్కోవాలి. ఇది మనవాళ్లకు మింగుడుపడదు. బఫేలో నీళ్లు ఉచితం. సముద్రపు నీటిని శుద్ధిచేసి ఇచ్చే క్యాబిన్ కుళాయి నీళ్లు కూడా తాగడానికి పనికొస్తాయి, రుచి చప్పగా ఉంటుంది, అంతే. పానీయాల ప్యాకేజీ తీసుకుంటే ఒకే క్యాబిన్లో ఉన్న పెద్దలందరూ తీసుకోవాలన్నది సాధారణ నియమం. అమ్మానాన్నలకు ఆ ప్యాకేజీ దండగ. ఓడలో నగదు నడవదు, అన్నీ క్యాబిన్ కార్డు మీదే. మొదటి ఒకటి రెండు రోజుల్లో క్రెడిట్ కార్డును జతచేయాలి. డెబిట్ కార్డు ఇస్తే వాళ్లు ముందుగా పట్టి ఉంచే సొమ్ము దిగాక కూడా కొన్నాళ్లు మీ బ్యాంకులో చిక్కుకుపోవచ్చు.

ఓడ ఎక్కిన క్షణమే ఫోనును విమానం మోడ్‌లో పెట్టండి. తీరం దాటాక ఫోను దానంతట అదే ఓడలోని ఉపగ్రహ నెట్‌వర్క్‌ను పట్టుకుంటుంది. యూరప్‌లో రోమింగ్ ఉచితమన్న నియమం అక్కడ పనిచేయదు.

రేవుల పేర్లు చూసి మోసపోకండి. బ్రోషరులో "రోమ్" అంటే సివిటావెక్కియా, అక్కడి నుంచి రోమ్ నగరం 70 కిలోమీటర్ల పైమాటే. "ఫ్లారెన్స్" అంటే లివోర్నో లేదా లా స్పెజియా. "పారిస్" అంటే లె ఆవ్ర్, పోయి రావడానికే రోజు సరిపోతుంది. పెద్ద ఓడలు వెనిస్‌లో సాన్ మార్కో కూడలి ముందు నుంచి వెళ్లడాన్ని 2021 ఆగస్టు 1 నుంచి ఇటలీ ప్రభుత్వం ఆపేసింది. ఇప్పుడు "వెనిస్" అంటే మార్గెరా కావచ్చు, త్రియెస్తే కావచ్చు.

సివిటావెక్కియాలో కంపెనీ అమ్మే రోమ్ యాత్ర కొనకుండా మేం ఎప్పుడూ రైలే ఎక్కుతాం. రేవులో ఉచిత బస్సు లార్గో దెల్లా పాచే అనే చోటు దాకా దింపుతుంది. అక్కడి నుంచి ఊరి బస్సులో స్టేషను. ప్రాంతీయ రైల్లో ఇంచుమించు గంటలో సాన్ పియెత్రో స్టేషను వస్తుంది, అక్కడి నుంచి వాటికన్ నడిచి వెళ్లేంత దూరం. కాగితం టికెట్టు అయితే ఎక్కేముందు యంత్రంలో ముద్ర వేయించుకోవాలి, లేకపోతే జరిమానా. నేపుల్స్ ఇంకా సులువు. ఓడ ఊరి నడిబొడ్డునే ఆగుతుంది. గరిబాల్దీ స్టేషను నుంచి చిన్న రైల్లో ముప్పావు గంటలోపే పాంపే శిథిలాలు. మార్సెయ్‌లో మాత్రం ఓడ ఊరికి చాలా దూరంగా ఆగుతుంది, నడిచి వెళ్లవచ్చనుకోవద్దు. ఒక్కటే షరతు: సొంతంగా వెళ్లినవాళ్ల కోసం ఓడ ఆగదు. మేం ఎప్పుడూ చెప్పిన వేళకు రెండు గంటల ముందే రేవుకు చేరేలా చూసుకుంటాం.

వీసా గురించి క్లుప్తంగా. షెంగెన్ వీసా (యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే ఒకే వీసా) ఉండాలి, 30,000 యూరోలకు తగ్గని వైద్య బీమా ఉండాలి. దారిలో ట్యునీషియా, టర్కీ లాంటి రేవు ఒక్కటి తగిలినా షెంగెన్ దాటి మళ్లీ ప్రవేశించినట్టే లెక్క. కాబట్టి ఎక్కువసార్లు ప్రవేశించే వీసా అడగాలి, ఆ దేశాల వీసా సంగతి విడిగా చూసుకోవాలి. ఒకే ప్రవేశం ఉన్న వీసాతో వచ్చిన ఒక కుటుంబాన్ని రేవులోనే ఆపేయడం కళ్లారా చూశాను.

క్యాబిన్లు శుభ్రంగా ఉంటాయి, స్నానాల గది మాత్రం ఒక మనిషికే ఇరుకు. ఓడ ఊగుతుందని భయపడేవాళ్లు కింది అంతస్తుల్లో మధ్య భాగంలో క్యాబిన్ తీసుకోవాలి. వేసవిలో సముద్రం చాలావరకు ప్రశాంతమే గాని, మార్సెయ్, బార్సిలోనాల మధ్య మిస్ట్రాల్ గాలి వీస్తే ఎంత పెద్ద ఓడైనా కదిలిపోతుంది. ఈత కొలను పక్క పడక కుర్చీలు పొద్దున ఏడింటికే తువ్వాళ్లతో నిండిపోతాయి, మనుషులు మాత్రం పదింటికి వస్తారు. పైడెక్కు మీద ఒక పక్క పొగతాగనిస్తారు, గాలి ఎటు వీస్తే అటు ఆ వాసన. అందరూ ముస్తాబై వచ్చే గాలా రాత్రికి కొత్తగా సూటు కుట్టించుకోనక్కర్లేదు. అమ్మ ధర్మవరం పట్టుచీర కట్టుకుంటే ఇద్దరు ఇటలీ ముసలమ్మలు అంచు పట్టుకుని చూసి, ధర అడిగి మరీ వెళ్లారు.

నాకు ఇప్పటికీ కోపం తెప్పించేది బిల్లుల వ్యవహారం. ఒక ఓడలో రేవు రద్దయి, ఆ ఊరు చూడటానికి ముందే కట్టిన యాత్ర డబ్బు వెనక్కి రావలసి ఉంటే, దిగేదాకా ఖాతాలో కనిపించలేదు. రిసెప్షన్ వాళ్లు "ఆఫీసుకు రాయండి" అన్నారు, ఆఫీసు వాళ్లు "ఓడలోనే అడగవలసింది" అన్నారు. ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాక వచ్చింది. ఆఖరి రాత్రి రిసెప్షన్ దగ్గర అడుగుపెట్టే సందుండదు. అందుకే రెండు రోజుల ముందే, తెల్లవారుజామున, ఖాతా కాగితం అచ్చు వేయించుకుని వరస వరస చూస్తాను. మేం తాగని వైను అందులో ఒకటికి రెండుసార్లు కనిపించింది. అప్పటికప్పుడు చెబితే మారుమాట లేకుండా తీసేశారు.

చివరగా బుకింగు. ఓడ వలయంలో తిరుగుతుంది కాబట్టి అదే వారం, అదే దారి, ఏ రేవులో ఎక్కితే ఆ రేవుకో ధర ఉంటుంది. కనీసం మూడు రేవుల ధరలు పోల్చి చూడండి. తేడా తక్కువైతే పెద్దవాళ్లకు జెనోవా మంచిది. ప్రిన్సిపే రైల్వే స్టేషను నుంచి ఓడ రేవు పెట్టెలు లాక్కుంటూ నడిచి వెళ్లేంత దగ్గర. పిల్లల సెలవులతో ముడిపడని వాళ్లు ఆగస్టు మాసాన్ని వదిలేయండి. ఆ నెల 15న ఇటలీలో పెద్ద పండుగ, దేశమంతా సెలవులో ఉంటుంది. ఎండకు ఎండ, ధరకు ధర, లిఫ్టు దగ్గర జాతర. సెప్టెంబరు చివరి వారాల్లో అదే ఓడలో అదే క్యాబిన్ మాకు చాలా తక్కువ ధరకు దొరికింది, నీళ్లు కూడా ఇంకా వెచ్చగానే ఉన్నాయి.