పేరు కొత్తది, రంగు పాతది: పాతూరు పెయింటు షాపులో నా రైలుబొమ్మ

అనంతపురం పాతూరులో బైకు ట్యాంకులకు పెయింటు వేసే చిన్న షాపు ఒకటుంది. టవర్‌క్లాక్ నుంచి నడిచి వెళ్లొచ్చు. బుల్లెట్ ట్యాంకుల మీద చేత్తో గీతలు వేయించుకునేవాళ్లే ఎక్కువగా వస్తారు. నేను రైలుబొమ్మ పట్టుకుని వెళ్లాను. రెండు విషయాలు తప్పితే పని చాలా బాగా వచ్చింది. ఇళ్లల్లో ఇట్లాంటి మోడళ్లు దెబ్బతిని మూల పడివున్నవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

బొమ్మ హార్న్‌బీ అనే మోడల్ రైళ్ల కంపెనీ వాళ్లది, నెట్‌వర్కర్ 466 క్లాసు, రెండు పెట్టెల కరెంటు రైలు. లండన్ దగ్గర డార్ట్‌ఫర్డ్‌లో ఉండే మా తమ్ముడు అక్కడ సెకండ్ హ్యాండ్‌లో కొని పంపించాడు. వాడు ఉద్యోగానికి పోయే లైనులో తిరిగిన రకమే ఇది. ఓఓ స్కేలు, అంటే నిజం రైలు మీద 76 మిల్లీమీటర్లు ఉండేది దీని మీద ఒక్క మిల్లీమీటరు. ముందు ఎవరి దగ్గర ఉందో గానీ, పెట్టెల పక్కల మీదున్న రైల్వే పేరు చెరిపేయాలని దేంతోనో గీకారు. పేరుతో పాటు ఎర్ర పట్టీ, దాని పక్కన తెల్ల గీత కూడా లేచిపోయాయి.

ఆ పట్టీలంటే నాకు ప్రాణం. 1986లో అక్కడి ప్రభుత్వ రైల్వే, బ్రిటిష్ రైల్, లండన్ చుట్టుపక్కల లైన్లన్నిటినీ నెట్‌వర్క్ సౌత్‌ఈస్ట్ అనే పేరు కిందికి తెచ్చి ఎరుపు, తెలుపు, నీలం, బూడిద పట్టీలు వేయించింది. తర్వాత 1993 చట్టంతో రైల్వేని ముక్కలు చేసి ప్రైవేటుకు ఇచ్చారు. 1996 ఫిబ్రవరి నుంచి కంపెనీలు ఒక్కొక్కటిగా రైళ్లు నడపడం మొదలుపెట్టాయి. నెట్‌వర్క్ సౌత్‌ఈస్ట్ అనే సంస్థే లేకుండా పోయింది. రంగు మాత్రం పోలేదు. డార్ట్‌ఫర్డ్ వైపు లైన్లు 1996లో కానెక్స్ అనే ప్రైవేటు కంపెనీ చేతికి వెళ్లాయి. 2003లో కానెక్స్ దగ్గర నుంచి లాక్కుని కొన్నాళ్లు ప్రభుత్వమే నడిపింది. 2006లో మళ్లీ ఇంకో ప్రైవేటు కంపెనీ వచ్చింది. ఇన్ని చేతులు మారినా ఆ పాత పట్టీలతోనే తిరిగిన నెట్‌వర్కర్లు ఉన్నాయి. ఆ రంగుల్లో మిగిలిన చివరి రైలుకు కొత్త రంగు పడింది 2007లో.

ఇంకా వింత వాటర్లూ అండ్ సిటీ లైను. అది 1994 ఏప్రిల్‌లోనే లండన్ అండర్‌గ్రౌండ్‌కి వెళ్లిపోయింది. భూమి లోపల రెండే స్టేషన్ల మధ్య తిరిగే ఆ రైళ్లు 2006లో లైను మూసి బాగుచేసేదాకా నెట్‌వర్క్ సౌత్‌ఈస్ట్ రంగులోనే ఉన్నాయి.

ప్రైవేటు కంపెనీలు వెంటనే రంగు మార్చకపోవడానికి కారణం డబ్బు, టైము. రైలు నడిపే కంపెనీకి రైలు సొంతం కాదు. ఏంజెల్, ఎవర్షోల్ట్, పోర్టర్‌బ్రూక్ అని మూడు లీజు కంపెనీలు పెట్టి పెట్టెలన్నీ వాటికి అప్పజెప్పారు. నడిపేవాళ్లు అద్దె కడతారు. కొన్నేళ్లలో కాంట్రాక్టు అయిపోయి ఇంకొకరి చేతికి పోయే బండికి ఎవరు ఆత్రంగా రంగు వేయిస్తారు? పైగా పెయింటుకు పంపితే ఆ రోజులన్నీ బండి లైను మీద ఉండదు. పొద్దున ఆఫీసు వేళకు ప్రతి పెట్టె కావాల్సిన చోట అది కుదిరే పని కాదు. అందుకే పాత పేరు మీద స్టిక్కర్ వేసి నడిపేశారు. పెద్ద ఓవర్‌హాల్‌కి వెళ్లినప్పుడే రంగు మారింది. దూరం రైళ్లు నడిపే జీఎన్ఈఆర్ లాంటివాళ్లు ముదురు నీలం మీద ఎర్ర గీతతో తొందరగానే మార్చేసుకున్నారు, వాళ్లకు ప్రయాణికుల కంట పడటం ముఖ్యం. నాకైతే ఆ మధ్యకాలపు బండ్లే ఇష్టం. ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి వచ్చిందో బండి ఒంటి మీదే కనిపిస్తుంది.

మా నాన్న గుత్తి డీజిల్ షెడ్డులో పెయింటరు. 1977లో గుంతకల్లు డివిజన్‌ని దక్షిణ రైల్వే నుంచి దక్షిణ మధ్య రైల్వేలో కలిపారు. కలిపిన రోజే అక్షరాలు మారిపోలేదని, షెడ్యూలుకు వచ్చిన ఇంజన్‌కి వచ్చినట్టు పాత అక్షరాలు చెరిపి కొత్తవి రాసేవాళ్లమని చెప్పేవాడు. ఇంగ్లండ్ కథ చదివినప్పుడు నాకు అందుకే కొత్తగా అనిపించలేదు.

సరే, షాపు సంగతి. నాకు కావాల్సింది 1997 ప్రాంతపు బండి: పాత పట్టీలు, కాస్త వెలిసినట్టు, పేరు దగ్గర మాత్రం కానెక్స్ స్టిక్కర్. ఫోటోలు చూపించాను.

"అమ్మా, ఇదంతా గీకేసి కొత్తగా వేసిస్తా, తళతళలాడతాది," అన్నాడు షాపాయన.

"వద్దు భాయ్, రంగు పాతగానే కనపడాల. పేరొక్కటే కొత్తది."

ఫోటో కాసేపు చూసి, "బండి అమ్మినాక ఓనరు పేరు మీద స్టిక్కర్ ఏసినట్టు. అంతే గదమ్మా?" అన్నాడు. అంతే. అంతకంటే నేను ఆయనకు చెప్పాల్సింది ఏమీ మిగల్లేదు.

ఆయన పని చేసే పద్ధతి చూసి తీరాలి. ముందు పైకప్పు లోపలి వైపు, బయటికి కనపడని చోట, దూది పుల్లతో థిన్నర్ అద్ది ఆగాడు. ప్లాస్టిక్ జిగటగా అయింది. వెంటనే థిన్నర్ డబ్బా మూసేసి, నీళ్లతో కలిపే అక్రిలిక్ రంగులు తీశాడు. ట్యాంకులకు వాడే పెద్ద గన్ను పక్కన పెట్టి, బొమ్మలు వేసే చిన్న ఎయిర్‌బ్రష్ బిగించాడు. మాస్కింగ్ టేపును గాజు పలక మీద పరిచి బ్లేడుతో సన్నటి పీలికలు కోశాడు, ఎందుకంటే ఆ తెల్ల గీత వెడల్పు దాదాపు ఒక్క మిల్లీమీటరు. టేపు అంచుల్ని గోటితో నొక్కాక నేరుగా ఎరుపు కొట్టలేదు. ముందు తెలుపే పల్చగా కొట్టాడు. టేపు కింద సందు ఏమన్నా ఉంటే తెలుపే దూరి మూసేస్తుంది, ఎరుపు కారదు. ఎరుపు పూర్తిగా ఆరకముందే టేపును వెనక్కి మడిచి లాగాడు. గీత అంచు భూతద్దం పెట్టి చూశాను, ఎక్కడా పంటి గాటు కూడా లేదు.

ఎరుపు కలపడంలో కూడా అంతే ఓపిక. రెండో పెట్టె మీద చెక్కుచెదరని ఎరుపు పక్కన చుక్క పెట్టి, ఆరనిచ్చి, మళ్లీ కలిపి, మళ్లీ పెట్టాడు. తడి రంగుకీ ఆరిన రంగుకీ తేడా ఉంటుందని ఆరేదాకా ఒప్పుకోలేదు. ముందు వైపు పసుపును తాకవద్దన్నాను, తాకలేదు. పట్టాల మీద పనిచేసేవాళ్లకు దూరం నుంచే రైలు కనపడాలని వేసిన పసుపు అది, ఆ రోజుల్లో కంపెనీలు మారినా అక్కడ ఉండి తీరాల్సి వచ్చేది. కానెక్స్ పేరును షాపు పక్కనున్న స్టిక్కర్ కటింగ్ వాళ్ల దగ్గర చేయించి ఆయనే అంటించాడు. నేను అడక్కుండానే పాత అక్షరాల అంచు కాస్త కింద తెలిసేటట్టు వదిలాడు. అది చూసి నాకు కళ్లు చెమర్చాయి.

బాగాలేనిది క్లియర్ కోటు, అంటే రంగు మీద చివర వేసే రంగులేని పూత. బైకు ట్యాంకులకు వేసినట్టే నిగనిగలాడేది వేసేశాడు. రోజూ వానలో, దుమ్ములో తిరిగే సబర్బన్ రైలుకు అంత మెరుపు ఉండదు. తలుపుల గాడుల్లో కూడా కోటు నిండి, ఒక పెట్టెకు తలుపులు ఉన్నట్టే తెలియడం లేదు. చెబితే వాదించకుండా వాటర్ పేపరుతో తేలిగ్గా రుద్ది మ్యాట్ వేసిచ్చాడు. మెరుపు పోయింది, గాడులు మాత్రం పూర్తిగా తేరుకోలేదు. రెండోది ఆలస్యం. వారంలో ఇస్తానన్నది నెల దాటింది, ఫోన్ చేస్తే ఎత్తడు. పెళ్లిళ్ల సీజన్‌లో బుల్లెట్ల పని ముందు చేసుకుంటాడు, తొందరుంటే అప్పుడు ఇవ్వొద్దు.

రెండు పెట్టెలకూ కలిపి 1,800 రూపాయలు తీసుకున్నాడు, సగం అడ్వాన్సు. స్టిక్కర్ ఖర్చు వేరే. ఆ గీతల పనికి ఇది తక్కువే అంటాను.

వెళ్లేవాళ్లు ఫోటోలు ప్రింటు తీయించుకుని పోండి, ఫోన్ స్క్రీన్‌లో రంగు వేరేగా కనపడుతుంది. మోటారు, చక్రాలు ఇంట్లోనే విప్పి బాడీ ఒక్కటే ఇవ్వండి. క్లియర్ కోటు మ్యాట్ అని ముందే చెప్పి, చీటీ మీద రాయించండి. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు షాపు మూస్తారు, సాయంత్రం వెళ్తే నిలబడి పని చూడనిస్తాడు.