శ్రీకాకుళంలో ఆరోగ్య డేటా కోర్సు: పొటాషియం 47 దగ్గర ఆగిపోయిన పాఠం

విశ్వవిద్యాలయ పరిశోధన ప్రాజెక్టుల్లో ఆరోగ్య డేటాపై మెషీన్ లెర్నింగ్ (డేటా చూపించి కంప్యూటరుకు నేర్పడం) పని చేసే ఉద్యోగాలకు సిద్ధం చేస్తామన్న ప్రకటన చూసి, ఏడు రోడ్ల కూడలికి దగ్గరలోని ఒక శిక్షణ కేంద్రంలో 18,000 రూపాయలు కట్టి మూడు నెలల కోర్సు పూర్తి చేశాను. ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చదివినా కంప్యూటరు మీద చేయి తిరగని నాకు నెలన్నరలో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష పట్టుబడిందంటే అది అక్కడి మాస్టారి ఓపిక చలవే.

చిక్కంతా డేటా దగ్గర వచ్చింది. సాధనకు ఇచ్చింది ఎవరికైనా ఉచితంగా దొరికే మూత్రపిండ వ్యాధి డేటా. తమిళనాడులోని ఆసుపత్రిలో సేకరించిన 400 మంది వివరాలు అందులో ఉంటాయి, వారిలో 250 మంది రోగులు. ఒక వరుసలో పొటాషియం 47 అని కనిపించింది. రక్తంలో అది మామూలుగా 3.5 నుంచి 5 వరకు ఉంటుంది, 6.5 దాటితే గుండె లయ తప్పే ప్రమాదం ఎక్కువ. బహుశా 4.7లో చుక్క జారిపోయి ఉంటుంది. ఇంకో వరుసలో సోడియం 4.5, అదీ రక్తంలో ఉండలేని అంకే. ఇవి చూపిస్తే, "అలాంటివి మోడలే చూసుకుంటుందండీ" అంటూ మాస్టారు తరువాతి స్లైడుకు వెళ్లిపోయారు. పైగా ఖాళీ గడులన్నీ మొత్తం డేటా సగటుతో నింపేశాకే, మోడల్‌కు నేర్పే భాగంగా, దాన్ని పరీక్షించే భాగంగా డేటాను విడదీశారు. ప్రశ్నపత్రం కొంత ముందే చూపించి పరీక్ష పెట్టినట్టన్నమాట. చివరికి ఎవరికి జబ్బుందో చెప్పడంలో మోడల్‌కు 99 శాతం ఖచ్చితత్వం రాగానే గదంతా చప్పట్లు కొట్టింది, నేనూ కొట్టాను.

తరువాత ఒక ప్రాజెక్టు ఇంటర్వ్యూలో ఆ 99 శాతాన్నే గొప్పగా చెప్పుకోగా, బోర్డులోని వైద్యురాలు, "మీది శ్రీకాకుళమే కదా, ఇది ఉద్దానంలో పనిచేస్తుందా?" అని అడిగారు. మూత్రంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ ఎక్కువగా పోవడం మా మోడల్‌కు ముఖ్యమైన గుర్తు. ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, పలాస వైపు కనిపించే, కారణం తేలని మూత్రపిండ వ్యాధిలో అది తక్కువగానే పోతుంది, చాలామందికి మధుమేహమూ ఉండదు. అంటే మా జిల్లా రోగినే ఆరోగ్యవంతుడని మా మోడల్ ఇంటికి పంపేయవచ్చు. ఈ జిల్లాలోనే నడిచే కోర్సులో ఆ ఊసే రాలేదు.

నైతిక అనుమతి, రోగి సమ్మతి అరగంటలో ముగించారు. బోస్టన్ ఆసుపత్రి ఐసీయూ డేటా అయిన మిమిక్‌ను వాడుకోవాలంటే, మనుషులపై జరిపే పరిశోధనకు సంబంధించిన శిక్షణ పూర్తిచేసి ఒప్పందంపై సంతకం చేయాలి. ఆ దరఖాస్తైనా మాచేత పెట్టించి ఉంటే బయోడేటాలో పనికొచ్చే వాక్యం ఒకటి ఉండేది. ప్రకటనలోని నెలకు 37,000 రూపాయలు మాత్రం అబద్ధం కాదు, 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలో)కు ఇచ్చే మొత్తం అదే. అయితే దానికి నెట్, గేట్ వంటి జాతీయ పరీక్షల్లో అర్హత ఉండాలనీ, ప్రాజెక్టుతోపాటే పోస్టూ ముగుస్తుందనీ ఫీజు కట్టాకే తెలిసింది.

పైథాన్ కోసమే అయితే నిక్షేపంగా చేరవచ్చు, ఫీజు తగ్గించమని అడిగి మరీ. పరిశోధన ఉద్యోగం కోసమైతే, డెమో క్లాసులో ఆ పొటాషియం గడి చూపించి, మాస్టారు ఏమంటారో విన్నాక డబ్బు కట్టండి.